విండోస్ లాగిన్‌తో వచ్చేవాళ్లకు వెబ్ అప్లికేషన్‌లో రోల్స్ ఇవ్వడం: ఏడీ గ్రూపులా, సొంత టేబులా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రమే నడిచే ఇండెంట్ల (స్టోర్స్ నుంచి సామాను అడిగే ఫారాల) అప్లికేషన్ ఒకటి ఉంది. ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో రాసింది, ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మీద నడుస్తోంది, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్. పొద్దున కంప్యూటర్‌లోకి ఏ ఐడీతో లాగిన్ అయ్యారో దాంతోనే అప్లికేషన్ తెరుచుకోవాలి, మళ్లీ పాస్‌వర్డ్ అడగకూడదు. అయితే ఇండెంట్ పెట్టేవాళ్లు, అప్రూవ్ చేసేవాళ్లు, స్టోర్స్‌వాళ్లు, అడ్మిన్ అని నాలుగు రకాల హక్కులు కావాలి. దీనికి యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ, అంటే ఆఫీసు యూజర్ల, గ్రూపుల జాబితా ఉంచే విండోస్ డైరెక్టరీ) గ్రూపులు వాడాలా, మన డేటాబేస్‌లోనే టేబుల్ పెట్టుకోవాలా? పైగా ఇప్పుడున్న పద్ధతిలో కొందరికి బాగానే తెరుచుకుంటోంది, కొందరికి పాస్‌వర్డ్ బాక్స్ మళ్లీ మళ్లీ వస్తోంది. ఎందుకు?

రెండూ వాడండి. కాకపోతే ఒకదాని పని ఇంకొకదానితో చేయించకండి. వచ్చింది ఎవరో చెప్పడం నెట్‌వర్క్ పని. వచ్చిన మనిషి ఇక్కడ ఏం చేయొచ్చో చెప్పడం మీ అప్లికేషన్ పని. ఏడీ గ్రూపు ఈ రెంటికీ మధ్య వంతెన మాత్రమే. గ్రూపు పేరు నేరుగా మీ కోడ్‌లోకి వచ్చిందంటే, రేపు డైరెక్టరీ టీమ్ ఆ గ్రూపు పేరు మార్చిన రోజున మీరు మళ్లీ బిల్డ్ చేసి డిప్లాయ్ చేయాలి.

ముందు ఆ పాస్‌వర్డ్ బాక్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దానికీ రోల్స్‌కీ సంబంధం లేదు. 401 అంటే "నువ్వెవరో నాకు తెలియలేదు". 403 అంటే "నువ్వెవరో తెలిసింది, కానీ నీకు ఇది లేదు". బ్రౌజర్ బాక్స్ చూపించేది 401కే. ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో రోల్ లేని మనిషికి 403 వెళ్తుంది, బాక్స్ రాదు. కాబట్టి మీకు బాక్స్ వస్తోందంటే తంటా గుర్తింపు దగ్గరే ఉంది. (పాత ఎంవీసీ 5లో ఇలా కాదు. అక్కడి ఆథరైజ్ అట్రిబ్యూట్ రోల్ లేనివాళ్లకు కూడా 401 పంపేది, దాంతో సరైన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా బాక్స్ పోయేది కాదు. ఆ వెర్షన్ మీద ఉన్నవాళ్లు హ్యాండిల్ అన్‌ఆథరైజ్డ్ రిక్వెస్ట్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, యూజర్ అప్పటికే లాగిన్ అయి ఉంటే 403 తిప్పి పంపాలి.)

బాక్స్ వచ్చినప్పుడు ఒక్క పరీక్ష చాలు. సరైన పాస్‌వర్డ్ ఒకసారి కొడితే లోపలికి వెళ్తున్నారా? అయితే బ్రౌజర్ మీ సైట్‌ను ఇంట్రానెట్‌గా గుర్తించడం లేదు. అడ్రస్‌లో చుక్క ఉంటే చాలు, విండోస్ దాన్ని బయటి సైటు కింద లెక్కేసి లాగిన్ వివరాలు తనంతట తాను పంపదు. గ్రూప్ పాలసీలో సైట్ టు జోన్ అసైన్‌మెంట్ లిస్ట్ అనే చోట మీ అడ్రస్ రాసి విలువ 1 ఇవ్వండి. క్రోమ్, ఎడ్జ్ మామూలుగా ఈ జోన్లనే పాటిస్తాయి, కానీ ఆథ్ సర్వర్ అలౌలిస్ట్ పాలసీ పెట్టి ఉంటే అందులోనూ చేర్చాలి. ఫైర్‌ఫాక్స్‌కు నెగోషియేట్ ఆథ్ ట్రస్టెడ్ యూఆర్ఐస్ అనే సెట్టింగ్ వేరే ఉంది.

సరైన పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టినా లోపలికి పోనివ్వకపోతే కథ వేరు. అది చాలావరకు ఎస్‌పీఎన్ (ఏ సర్వీసు ఏ అకౌంట్‌తో నడుస్తోందో డైరెక్టరీలో రాసి ఉంచే పేరు) తిరకాసు. ఇక్కడ చాలామంది తికమక పడేది ఒకటుంది: ఎస్‌పీఎన్ అసలు లేకపోతే కెర్బెరోస్ (టికెట్లతో గుర్తించే పద్ధతి) కుదరక ఎన్‌టీఎల్ఎంకు (దానికన్నా పాత పద్ధతికి) జారి పని జరిగిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా. ఎస్‌పీఎన్ తప్పు అకౌంట్ మీద ఉంటేనే మొదటికి మోసం వస్తుంది. టికెట్ ఒక అకౌంట్ తాళంతో వేసి వస్తుంది, తెరవబోయేది ఇంకో అకౌంట్. సెట్‌ఎస్‌పీఎన్ కమాండ్‌కు క్యూ ఆప్షన్‌తో మీ హోస్ట్ పేరు ఇచ్చి అది ఎవరి మీద ఉందో చూడండి, ఎక్స్ ఆప్షన్‌తో ఒకటే పేరు రెండు చోట్ల ఉందేమో చూడండి. కొత్తది చేర్చేటప్పుడు ఏ కాకుండా ఎస్ ఆప్షన్ వాడండి, అది చేర్చే ముందు డూప్లికేట్ ఉందేమో వెతుకుతుంది. కెర్నల్ మోడ్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటే టికెట్ తెరిచేది మెషీన్ అకౌంట్. యాప్ పూల్‌కు సర్వీస్ అకౌంట్ పెట్టి ఎస్‌పీఎన్ దాని మీద ఉంచితే, ఐఐఎస్‌లో యూజ్ యాప్ పూల్ క్రెడెన్షియల్స్ అనే సెట్టింగ్‌ను ట్రూ చేయాలి. ఇది మర్చిపోవడం మహా మామూలు.

ఇంకో చిన్న ఉచ్చు: సర్వర్‌లోకి రిమోట్‌గా వెళ్లి అక్కడి బ్రౌజర్‌లోనే హోస్ట్ పేరుతో సైట్ తెరిచి "రావడం లేదు" అనుకోవడం. అది విండోస్‌లోని లూప్‌బ్యాక్ చెక్, సర్వర్ వేరే పేరుతో తననే పిలిస్తే లాగిన్ ఆపేస్తుంది. బయటి మెషీన్ నుంచి పరీక్షించండి. సర్వర్ మీదే తెరవక తప్పదంటే రిజిస్ట్రీలో బ్యాక్ కనెక్షన్ హోస్ట్ నేమ్స్‌కు ఆ పేరు చేర్చండి. చెక్‌ను మొత్తంగా ఆపేయకండి.

ఐఐఎస్ దగ్గర చేయాల్సినవి

సర్వర్ మేనేజర్‌లో వెబ్ సర్వర్ రోల్ కింద సెక్యూరిటీ భాగంలో విండోస్ అథెంటికేషన్ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి, డిఫాల్ట్‌గా రాదు. తరవాత సైట్ మీద దాన్ని ఆన్ చేసి అనానిమస్‌ను ఆఫ్ చేయండి. అనానిమస్ ఆఫ్ అయ్యాక మీ కోడ్‌లో అలౌ అనానిమస్ అని ఎంత రాసినా ఫలితం లేదు, ఎందుకంటే రిక్వెస్ట్ మీ దాకా రాకముందే ఐఐఎస్ ఆపేస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్‌కు 401 రావడానికీ, వేరే సైట్ పేజీ తరఫున బ్రౌజర్ ముందుగా అనుమతి అడిగే ప్రీఫ్లైట్ ఆప్షన్స్ రిక్వెస్ట్ చచ్చిపోవడానికీ కారణం ఇదే. అలాంటి దారులు కావాలంటే రెండూ ఆన్‌లో ఉంచి, మూసే పని అప్లికేషన్‌లో చేయాలి.

అప్లికేషన్‌లో సర్వీసుల దగ్గర యాడ్ అథెంటికేషన్‌కు ఐఐఎస్ స్కీమ్ పేరు ఇవ్వడం తప్పనిసరి. ఆ లైన్ లేకపోయినా ఐఐఎస్ పంపిన యూజర్ పేరు కనిపిస్తూనే ఉంటుంది, అందుకని అంతా బాగుందనిపిస్తుంది. కానీ కింద చెప్పబోయే క్లెయిమ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ (యూజర్ గురించిన వివరాలకు, అంటే క్లెయిమ్స్‌కు, మనవి చేర్చే కోడ్) ఒక్కసారి కూడా నడవదు. బ్రేక్‌పాయింట్ పెట్టి గంటలు కూర్చున్నా అక్కడికి రాదు. డిఫాల్ట్ ఛాలెంజ్ స్కీమ్ లేదన్న ఎర్రర్ కూడా ఈ లైన్ లేకే వస్తుంది. మిడిల్‌వేర్ వరస: రౌటింగ్, ఆ తరవాత అథెంటికేషన్, ఆ తరవాత ఆథరైజేషన్, చివర ఎండ్‌పాయింట్లు. ఐఐఎస్ లేకుండా కెస్ట్రెల్ (ఏఎస్పీ డాట్ నెట్ కోర్ సొంత వెబ్ సర్వర్) మీదే నడిపితే నెగోషియేట్ ప్యాకేజీ చేర్చి దాని స్కీమ్ వాడాలి.

యూజర్ పేరు కాదు, ఎస్ఐడీ

ఇక అసలు విషయం. యూజర్‌ను మీ టేబుల్‌లో దేనితో గుర్తిస్తారు? నూటికి తొంభై అప్లికేషన్లలో డొమైన్, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు ఉన్న స్ట్రింగ్‌నే కీగా పెట్టేస్తారు. వద్దు.

కె. శ్రీనివాస్‌లు ముగ్గురు లేని ఆఫీసు మన దగ్గర అరుదు. ఒక కె. శ్రీనివాస్ స్టోర్స్ హెడ్‌గా ఉండి మానేశాడు, అకౌంట్ తీసేశారు. ఆర్నెల్లకు ఇంకో కె. శ్రీనివాస్ ట్రైనీగా చేరాడు. ఖాళీగా ఉంది కదా అని అదే యూజర్ పేరు ఇచ్చారు. మీ టేబుల్‌లో పాత వరస అలాగే ఉంటే, ట్రైనీ మొదటి రోజునే స్టోర్స్ హెడ్ అయిపోతాడు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, హక్కు మాత్రం గుట్టుచప్పుడు కాకుండా చేతులు మారింది. పెళ్లయి ఇంటిపేరు మారిన ఉద్యోగికి దీనికి తలకిందులుగా జరుగుతుంది: యూజర్ పేరు మార్చగానే ఆమెకున్న రోల్స్ అన్నీ మాయం. పొడవు పేర్లతో మరో చిక్కు. ఈ పాత పద్ధతి యూజర్ పేరుకు 20 అక్షరాలే హద్దు. వెంకటసత్యనారాయణ అన్న పేరు ఇంగ్లిష్‌లో సరిగ్గా 20 అక్షరాలు. ముందు ఇంటిపేరు పొడి అక్షరం చేర్చారా, చివరి అక్షరం తెగిపోతుంది. ఈమెయిల్ నుంచి యూజర్ పేరు ఊహించి టేబుల్ నింపే స్క్రిప్టులు దెబ్బతినేది ఇక్కడే.

ప్రతి అకౌంట్‌కూ, ప్రతి గ్రూపుకూ డొమైన్ ఇచ్చే ఎస్ఐడీ (సెక్యూరిటీ ఐడెంటిఫైయర్) ఉంటుంది. ఎస్-1-5-21 అని మొదలై, డొమైన్‌కు చెందిన మూడు పెద్ద అంకెలు, చివర ఆ అకౌంట్ సొంత అంకె. పేరు మారినా ఇది మారదు. అకౌంట్ తీసేసి అదే పేరుతో మళ్లీ చేసినా కొత్త అంకె వస్తుంది. విండోస్ ఐడెంటిటీ ఆబ్జెక్ట్‌లో యూజర్ అనే ప్రాపర్టీ ఇదే. కీ ఇదే పెట్టండి. కాలమ్ వార్‌చార్ 184 ఇస్తే ఎంత పొడవైన ఎస్ఐడీ అయినా పడుతుంది. పేరు పక్కన ఇంకో కాలమ్‌లో ఉండనివ్వండి, మనుషులు చూసుకోవడానికి మాత్రమే.

ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. వ్యక్తికీ ఎస్ఐడీనే, గ్రూపుకూ ఎస్ఐడీనే కాబట్టి రెండింటికీ ఒకే టేబుల్ సరిపోతుంది. కేటాయింపుల టేబుల్ ఇలా ఉంటుంది:

రోల్: ఇండెంటర్ | ఎస్ఐడీ చివర: 513 | రకం: గ్రూపు | చూపే పేరు: డొమైన్ యూజర్స్ | గడువు: లేదు
రోల్: అప్రూవర్ | ఎస్ఐడీ చివర: 2604 | రకం: గ్రూపు | చూపే పేరు: ఇండెంట్ అప్రూవర్లు | గడువు: లేదు
రోల్: అప్రూవర్ | ఎస్ఐడీ చివర: 3117 | రకం: వ్యక్తి | చూపే పేరు: కె. శ్రీనివాస్ | గడువు: ఈ నెల 30

మొదటి వరసలోని 513 ఏ డొమైన్‌లోనైనా డొమైన్ యూజర్స్ గ్రూపుదే, కాబట్టి "ఇండెంట్ ఎవరైనా పెట్టొచ్చు" అన్నది ఒక్క వరసతో అయిపోయింది. మూడోది, అప్రూవర్ సెలవు మీద వెళ్లినప్పుడు ఇంకొకరికి కొన్నాళ్లు అప్పగించడం. ఈ గడువు కాలమ్ మొదట్లో అనవసరం అనిపిస్తుంది. లేకపోతే తాత్కాలికంగా ఇచ్చిన హక్కులు తీసేవాళ్లు లేక ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్న రెండు కాలమ్‌లు కూడా పెట్టండి, ఆడిట్‌వాళ్లు మొదట అడిగేది అవే.

క్లెయిమ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ రాసే తీరు

ఐక్లెయిమ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇంటర్‌ఫేస్‌కు ఒక క్లాస్ రాసి సర్వీసుల్లో చేర్చండి. అందులోని ఒకే ఒక్క మెథడ్ ప్రతి అథెంటికేషన్ తరవాతా నడుస్తుంది, ఒకే రిక్వెస్ట్‌లో ఒకటికి రెండుసార్లు కూడా నడవొచ్చు. అందుకని మొదటి పని: మనం ఇంతకుముందే వేసిన గుర్తు క్లెయిమ్ ఉందేమో చూసి, ఉంటే వచ్చిన ప్రిన్సిపల్‌ను (యూజర్ ఆబ్జెక్ట్‌ను, ఇందులో ఒకటో రెండో ఐడెంటిటీలు ఉండొచ్చు) అలాగే తిప్పి పంపడం. లేకపోతే యూజర్ ఎస్ఐడీ, గ్రూప్స్ ప్రాపర్టీలోని ఎస్ఐడీలు అన్నీ ఒక హ్యాష్‌సెట్‌లో వేయండి. కేటాయింపుల టేబుల్‌ను మొత్తంగా మెమరీలోకి తెచ్చి పెట్టుకోండి. అది ఎంత పెద్ద ఆఫీసైనా కొన్ని పదుల వరసలు, మహా అయితే కొన్ని వందలు. యూజర్ గ్రూపులే వందల్లో ఉండొచ్చు కాబట్టి వాటిని ఎస్‌క్యూఎల్‌లో ఇన్ లిస్టుగా పంపడం కన్నా ఇది చాలా తేలిక. గడువు దాటని వరసల్లో ఏ ఎస్ఐడీ హ్యాష్‌సెట్‌లో ఉందో చూస్తే రోల్స్ తేలిపోతాయి. మెమరీలో రెండు నిమిషాలు ఉంచితే చాలు.

గ్రూపుల్లో గ్రూపులుంటే ఏం చేయాలని సందేహం వద్దు. లాగిన్ టోకెన్‌లోకి వచ్చేసరికి విండోసే వాటిని విప్పేసి ఉంటుంది. సెక్యూరిటీ గ్రూపులు మాత్రమే వస్తాయి. మెయిల్ కోసం చేసిన డిస్ట్రిబ్యూషన్ గ్రూపులు రావు, "గ్రూపులో ఉన్నా పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబు అదే.

దొరికిన రోల్స్‌ను ఎక్కడ వేస్తారన్నది ఈ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పే చోటు. వచ్చిన విండోస్ ఐడెంటిటీకే రోల్ క్లెయిమ్ తగిలిస్తారు, డీబగ్గర్‌లో క్లెయిమ్ కళ్లెదుటే కనిపిస్తుంది, అయినా ఈజ్ ఇన్ రోల్ ఫాల్స్ అంటుంది. కారణం: ప్రతి ఐడెంటిటీకీ "రోల్ అంటే ఏ రకం క్లెయిమ్" అని సొంతంగా రాసి ఉంటుంది. విండోస్ ఐడెంటిటీకి అది గ్రూప్ ఎస్ఐడీ రకం. మీరు వేసింది మామూలు రోల్ రకం. అది అటువైపు చూడనే చూడదు. కాబట్టి కొత్త క్లెయిమ్స్ ఐడెంటిటీ ఒకటి చేసి, అందులో వేసి, ప్రిన్సిపల్‌కు రెండో ఐడెంటిటీగా జోడించండి.

అక్కడితో అయిపోలేదు. విండోస్ ప్రిన్సిపల్‌లో ఈజ్ ఇన్ రోల్ ముందు మీరిచ్చిన పేరును విండోస్ గ్రూపు పేరేమో అని వెతుకుతుంది, ఆ తరవాతే క్లెయిమ్స్ చూస్తుంది. దీనివల్ల రెండు అనర్థాలు. ఒకటి: మీ రోల్ పేరు ఇంగ్లిష్‌లో యూజర్స్ అనో అడ్మినిస్ట్రేటర్స్ అనో ఉంటే, అది సర్వర్ మీది లోకల్ గ్రూపు పేరుతో కలిసిపోతుంది. డొమైన్‌లో చేరిన సర్వర్‌లో లోకల్ యూజర్స్ గ్రూపులో డొమైన్ యూజర్స్ అందరూ ఉంటారు. అంటే యూజర్స్ రోల్ ఉన్నవాళ్లకే అని మీరు రాసిన పేజీ ఆఫీసంతటికీ బార్లా తెరిచి ఉంటుంది, మీ టేబుల్‌లో ఒక్క వరస లేకపోయినా. రెండు: అప్రూవర్ లాంటి పేరు ఏ గ్రూపుకూ లేకపోతే, ఆ వెతుకులాట డొమైన్ కంట్రోలర్ దాకా, అక్కడి నుంచి ట్రస్ట్ ఉన్న ఇతర డొమైన్ల దాకా వెళ్తుంది. వాటిలో ఒకటి పలకకపోతే పేజీ నిదానిస్తుంది, ఒక్కోసారి ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్ అనే ఎక్సెప్షనే వచ్చి కూర్చుంటుంది. ఆ ఎర్రర్ చూసి సర్వర్‌ను డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చేవాళ్లున్నారు. చూడాల్సింది ఈజ్ ఇన్ రోల్ పిలుపును.

రెంటికీ మందు ఒకటే. ఈజ్ ఇన్ రోల్‌నూ, ఆథరైజ్ అట్రిబ్యూట్‌లోని రోల్స్ ప్రాపర్టీనీ వాడకండి. పాలసీలు వాడండి, వాటిలో రిక్వైర్ రోల్ కాకుండా రిక్వైర్ క్లెయిమ్ పెట్టండి. క్లెయిమ్ రకం "హక్కు", విలువలు "ఇండెంట్ చూడు", "ఇండెంట్ అప్రూవ్", "స్టాక్ విడుదల" లాగా మీ అప్లికేషన్ పనులు. ఏ రోల్‌కు ఏ హక్కులన్నది కోడ్‌లో ఒక చిన్న డిక్షనరీ. ట్రాన్స్‌ఫర్మేషన్‌లో రోల్స్ తేలాక ఆ డిక్షనరీ చూసి హక్కుల క్లెయిమ్స్ వేయండి. రేపు సీనియర్ అప్రూవర్ అని ఐదో రోల్ వస్తే ఆ డిక్షనరీలో ఒక లైన్, టేబుల్‌లో ఒక వరస. కంట్రోలర్ల జోలికి పోనక్కర్లేదు.

ఫాల్‌బ్యాక్ పాలసీని కూడా పెట్టండి, ఇంట్రానెట్ అప్లికేషన్‌కు లాగిన్ అయి ఉండటం మాత్రమే కాదు, కనీసం "ఇండెంట్ చూడు" హక్కు ఉండాలని. అట్రిబ్యూట్ పెట్టడం మర్చిపోయిన యాక్షన్ అప్పుడు మూసి ఉంటుంది, తెరిచి ఉండదు. అట్రిబ్యూట్‌లు ఒకదాని మీద ఒకటి రెండు పెడితే రెండూ కావాలని అర్థం. రోల్స్ ప్రాపర్టీలో కామాతో రెండు రాస్తే ఏదో ఒకటి చాలని అర్థం. పాత కోడ్ మార్చేటప్పుడు ఇది చూసుకోండి.

రోల్ చెప్పలేని నియమాలు

తన ఇండెంట్‌ను తానే అప్రూవ్ చేసుకోకూడదు. తన విభాగానికి చెందినవే చేయాలి. 50,000 రూపాయలు దాటితే పై అధికారికి పోవాలి. వీటిలో ఏదీ రోల్‌తో తేలదు, ఆ ఇండెంట్‌ను చేతిలో పెట్టుకుని చూడాలి. వీటికోసం "50 వేల లోపు అప్రూవర్" అని రోల్స్ పుట్టించుకుంటూ పోతే ఏడాదికి నలభై రోల్స్ అవుతాయి. బదులుగా ఆథరైజేషన్ హ్యాండ్లర్ రాయండి. ఇండెంట్‌ను డేటాబేస్ నుంచి తెచ్చాక, ఐఆథరైజేషన్ సర్వీస్‌కు యూజర్‌నూ ఇండెంట్‌నూ రిక్వైర్‌మెంట్‌నూ ఇచ్చి అడగండి. ఇండెంట్ పెట్టినవారి ఎస్ఐడీ, ఇప్పటి యూజర్ ఎస్ఐడీ ఒకటైతే హ్యాండ్లర్‌లో ఫెయిల్ పిలవండి, ఊరికే సక్సీడ్ పిలవకుండా వదిలేయకండి. వదిలేస్తే అదే రిక్వైర్‌మెంట్‌కు ఇంకో హ్యాండ్లర్ సక్సీడ్ అంటే దాటిపోతుంది. ఫెయిల్ అన్నాక ఇంకెవరు ఏమన్నా చెల్లదు.

అప్రూవ్ బటన్ దాచడం ఆథరైజేషన్ కాదు. బటన్ దాచండి, చూడ్డానికి బాగుంటుంది, కానీ పోస్ట్ యాక్షన్ దగ్గర చెక్ లేకపోతే ఆ అడ్రస్‌కు నేరుగా పంపినవాడికి పని అయిపోతుంది. విండోస్ లాగిన్‌లో బ్రౌజర్ గుర్తింపును తనంతట తానే జతచేస్తుంది కాబట్టి ఇంకో ప్రమాదం కూడా ఉంది: అప్రూవర్ వేరే ఏదో పేజీ తెరిచి ఉండగా ఆ పేజీ మీ సైట్‌కు ఫారం పంపించగలదు. "మాది ఇంట్రానెట్టే కదా" అని యాంటీఫోర్జరీ టోకెన్ (ఫారం మీ పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు) మానేయకండి.

గ్రూపులో చేర్చారు, అయినా రావడం లేదు

హెల్ప్‌డెస్క్‌కు వచ్చే పిలుపుల్లో సగం ఇదే అవుతుంది, ముందే రాసి పెట్టుకోండి. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలో టికెట్‌లోకి ఎక్కుతుంది. కెర్బెరోస్ టికెట్ ఆయుష్షు డిఫాల్ట్‌గా 10 గంటలు. పొద్దున 9కి లాగిన్ అయిన మనిషిని 11కి గ్రూపులో చేర్చితే, లాగాఫ్ చేసి మళ్లీ వచ్చేదాకా ఆ గ్రూపు అప్లికేషన్‌కు కనిపించకపోవచ్చు. స్క్రీన్ లాక్ చేసి తీయడాన్ని లాగాఫ్ అనుకునేవాళ్లు చాలామంది, అది చాలదని గట్టిగా చెప్పాలి. కేలిస్ట్ కమాండ్‌కు పర్జ్ ఇచ్చి, బ్రౌజర్ మూసి తెరిస్తే లాగాఫ్ లేకుండానే అవుతుంది. తీసేసేటప్పుడు కూడా ఇదే ఆలస్యం. అందుకే తక్షణం తెగాల్సిన హక్కులకు, అంటే అడ్మిన్, పెద్ద మొత్తాల అప్రూవల్ లాంటివాటికి, గ్రూపు కాకుండా వ్యక్తి వరసే పెట్టమంటాను. టేబుల్‌లో తీసేస్తే రెండు నిమిషాల్లో పోతుంది. నెలకు పదిమంది వచ్చిపోయే ఇండెంటర్, స్టోర్స్ లాంటి రోల్స్‌కు గ్రూపే మేలు, ఆ నిర్వహణ హెచ్ఆర్, డైరెక్టరీ టీముల దగ్గర ఉంటుంది.

ఒకరిద్దరికి మాత్రం ఏ పేజీ తెరిచినా 400, రిక్వెస్ట్ హెడర్ టూ లాంగ్ అని వస్తే వాళ్ల గ్రూపులు లెక్కపెట్టండి. వందల గ్రూపుల్లో ఉన్న పాత ఉద్యోగి టికెట్ బరువెక్కుతుంది, అది హెడర్‌లో ప్రయాణిస్తుంది, హెచ్‌టీటీపీ డ్రైవర్ డిఫాల్ట్ హద్దు 16,384 బైట్లు. రిజిస్ట్రీలో హెచ్‌టీటీపీ పారామీటర్స్ కింద మ్యాక్స్ ఫీల్డ్ లెంగ్త్‌ను 65,534 దాకా, మ్యాక్స్ రిక్వెస్ట్ బైట్స్‌ను దానికి తగ్గట్టు పెంచి సర్వర్ రీస్టార్ట్ చేయాలి. అసలు మందు పనికిరాని గ్రూపులు తీయడమే, కానీ అది ఎప్పటికి జరిగేను.

డేటాబేస్ దగ్గర

కనెక్షన్ స్ట్రింగ్‌లో ఇంటిగ్రేటెడ్ సెక్యూరిటీ పెడితే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కనిపించేది బ్రౌజర్ ముందున్న మనిషి కాదు, యాప్ పూల్ అకౌంట్. డిఫాల్ట్ యాప్ పూల్ ఐడెంటిటీ అయితే నెట్‌వర్క్ మీద సర్వర్ పేరు చివర డాలర్ గుర్తుతో మెషీన్ అకౌంట్‌గా వెళ్తుంది. అదే మంచిది, అలాగే ఉంచి ఆ అకౌంట్‌కు కావలసినంత హక్కే ఇవ్వండి. యూజర్‌గా మారి డేటాబేస్‌కు వెళ్లాలని ఇంపర్సనేషన్ పెట్టారా, అనానిమస్ లాగాన్ అకౌంట్‌కు లాగిన్ ఫెయిల్ అన్న ఎర్రర్ పలకరిస్తుంది. బ్రౌజర్ నుంచి వెబ్ సర్వర్ ఒక అంగ, అక్కడి నుంచి డేటాబేస్ రెండో అంగ. ఎన్‌టీఎల్ఎంతో రెండో అంగ పడదు, కెర్బెరోస్‌తో కూడా డెలిగేషన్ (యూజర్ తరఫున ముందుకు వెళ్లే అనుమతి) అమర్చితేనే పడుతుంది. ఇండెంట్ అప్లికేషన్‌కు ఆ యాతన అనవసరం. ఎవరు చేశారో కావాలంటే ఎస్ఐడీ, అప్పటి పేరు రెండూ ప్రతి మార్పు పక్కన రాసుకోండి.

విండోస్ ఐడెంటిటీ ఆబ్జెక్ట్‌ను క్యాష్‌లో దాచడం గానీ బ్యాక్‌గ్రౌండ్ పనికి అందించడం గానీ చేయకండి. రిక్వెస్ట్ ముగియగానే దాని హ్యాండిల్ మూసేస్తారు, తరవాత ముట్టుకుంటే సేఫ్ హ్యాండిల్ క్లోజ్డ్ అని పడిపోతుంది. ఎస్ఐడీ స్ట్రింగ్‌ను, పేరును కాపీ చేసుకుని అవే పంపండి.

లాప్‌టాప్‌లన్నీ డొమైన్‌లో కాకుండా ఎంట్రా ఐడీలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీలో) చేరి ఉండి, జనం ఇళ్ల నుంచి పనిచేస్తుంటే ఇదంతా మీకు సరిపడదు. అక్కడ ఓపెన్ఐడీ కనెక్ట్, యాప్ రోల్స్ పద్ధతి. గ్రూపుల క్లెయిమ్ మీద ఆధారపడకండి, 200 దాటితే టోకెన్‌లో గ్రూపులు రావడమే మానేసి, ఎక్కడ అడగాలో మాత్రం చెప్తుంది. అయితే కేటాయింపుల టేబుల్, హక్కుల డిక్షనరీ, పాలసీలు మాత్రం అలాగే నిలుస్తాయి. మారేది ఎస్ఐడీ బదులు ఆబ్జెక్ట్ ఐడీ.

మొదటి అడ్మిన్ ఎవరన్నది ఆఖరి నిమిషంలో గుర్తొచ్చే ప్రశ్న. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు అడ్మిన్ పేజీ ఎవరికీ తెరుచుకోదు, తెరుచుకోకపోతే టేబుల్ నిండదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక గ్రూపు ఎస్ఐడీ రాసి, ఆ గ్రూపుకు అడ్మిన్ రోల్ ఎప్పుడూ ఉండేట్టు చేయండి. టేబుల్‌లోని చివరి అడ్మిన్ వరసను తొలగించనివ్వకండి.

ఇంకో పేజీ ఒకటి మొదటి రోజే రాయండి: లాగిన్ అయిన ఎవరైనా తన వివరాలు మాత్రమే చూసుకునే పేజీ. పేరు, ఎస్ఐడీ, ఏ వరస వల్ల ఏ రోల్ వచ్చింది, ఏ హక్కులు తేలాయి, కేటాయింపులు ఏ గంటకు మెమరీలోకి వచ్చాయి. దానికి ఫాల్‌బ్యాక్ పాలసీ అడ్డురాకుండా, లాగిన్ అయితే చాలన్న పాలసీ విడిగా ఇవ్వండి. 403 పేజీలో దానికి లింకు పెట్టండి. "నాకు రావట్లేదు" అని ఫోన్ చేసిన మనిషిని ఆ పేజీ తెరిచి చదవమంటే, గ్రూపు లేదా, గడువు దాటిందా, లాగాఫ్ చేయలేదా అన్నది ఫోన్ మీదే తేలుతుంది.